నిండుగా తిరిగొచ్చిన వాటర్ బాటిల్



ఈ నెల సంచికకి నేను రాస్తానని ఒప్పుకున్నది వేరే వ్యాసం. 'ఇంట్లో పిల్లలతో ఇంగ్లిష్ మాట్లాడించడం ఎలా' అని. సగం రాశాను కూడా. జూలై మూడో వారంలో మా పాప ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక ఆ సగం కాగితాలు మళ్ళీ చదివితే పూర్తి చేయబుద్ధి కాలేదు. ఎందుకో మీరు చదువుతుంటే మీకే తెలుస్తుంది. ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగితే, "జరిగింది జరిగినట్టు రాయండి, పేరెంట్స్ చదవాల్సిందే" అన్నారు. అందుకని రాస్తున్నాను.

నేను సెకండ్ క్లాసుకి ఇంగ్లిష్ చెబుతాను. మా పాపని ఇంట్లో చిన్ని అంటాం. నాలుగేళ్ళు నిండి ఈ జూన్‌లోనే మన కిడ్స్ క్యాంపస్‌లో ఎల్‌కేజీలో చేరింది. నా క్లాసుకీ తన క్లాసుకీ మధ్య రెండు వీధుల దూరం.

గురువారం సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి షూ కూడా విప్పకుండా సోఫాలో పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటర్ పెడితే 102. జూలై సంగతి మీకు తెలిసిందే, నాలుగు వానలు పడగానే ఇంటికొకరు మూలుగుతూ ఉంటారు. ఆ వారం నా క్లాసులోనే తొమ్మిది మంది ఆబ్సెంట్. వైరల్ ఫీవర్ అనుకున్నాను. పారాసెటమాల్ సిరప్ పోసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి పడుకోబెట్టాను. శుక్రవారం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. దగ్గు లేదు, జలుబు లేదు. "ముక్కు కూడా కారట్లేదు, తేలిగ్గానే పోతుందిలే" అని మా వారికి ధైర్యం చెప్పింది నేనే. ముక్కు కారకపోవడం మంచి గుర్తు అనుకున్నాను. దగ్గూ జలుబూ ఏమీ లేకుండా చిన్నపిల్లలకి పెద్ద జ్వరం వస్తే మొదట ఆలోచించాల్సింది అదేనని ఆదివారం పొద్దున డాక్టర్ గారు చెప్పేదాకా నాకు తెలియదు.

శుక్రవారం రాత్రి బాత్రూమ్‌లో ఒకసారి "మంట" అంది. మా అత్తయ్య గారు విని "వేడి చేసింది" అన్నారు. మన ఇళ్ళల్లో ఆ మాటకి తిరుగు లేదు కదా. కళ్ళు మండినా వేడే, నోరు పూసినా వేడే. బార్లీ కాచారు, సబ్జా గింజలు నానబెట్టారు. నేనూ అవే తాగి పెరిగినదాన్నే కాబట్టి కాదనలేదు. బార్లీ నీళ్ళ వల్ల నష్టం ఏమీ లేదు, నీళ్ళు ఒంట్లోకి వెళ్ళడం ఎప్పుడూ మంచిదే. నష్టమల్లా మా ఆలోచన ఆ మాట దగ్గరే ఆగిపోవడం. వేడి చేసిందన్నాక ఇంక ఎందుకని ఎవరూ అడగరు. అది జవాబులా ఉంటుంది.

శనివారం రాత్రి పదకొండున్నరకి చలి పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చూస్తే 104. పోసిన సిరప్ పోసినట్టే కక్కేసింది. నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. మా వారు బండి తీశారు. ఇద్దరి మధ్యలో పాపని ఇరికించుకుని, పైన ఒక రెయిన్‌కోటు కప్పుకుని కొరిటెపాడు నుంచి కొత్తపేట వెళ్ళాం. గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా బ్రాంచిల వాళ్ళ కోసం చెప్తున్నాను: కొత్తపేట అంటే వీధికి అటూ ఇటూ ఆసుపత్రులే. పగలైతే నడవడానికి చోటుండదు. ఆ రాత్రి మాత్రం మెడికల్ షాపుల లైట్లు, నీళ్ళు నిలిచిన రోడ్డు, మేము.

డ్యూటీ డాక్టర్ నా వయసు అమ్మాయే. గబగబా అడుగుతోంది. దగ్గుందా? లేదు. విరోచనాలు? లేదు. ఒంటి మీద దద్దుర్లు? లేదు. "మూత్రం రోజుకి ఎన్నిసార్లు పోస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. నా క్లాసులో 36 మంది పిల్లలున్నారు. ఎవరికి ఏ స్పెల్లింగ్ రాదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కన్నకూతురు రోజుకి ఎన్నిసార్లు ఒంటికి వెళ్తుందో చెప్పలేకపోయాను. "తనే వెళ్తుందండి, తనే వస్తుంది" అన్నాను. అది మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే విషయం. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ రాసుకుంది.

యూరిన్ టెస్టుకి చిన్న డబ్బా ఇచ్చారు. ఇది మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. అర్ధరాత్రి, జ్వరంతో ఉన్న పిల్ల, చేతిలో మూత తీసిన డబ్బా. శుభ్రంగా కడిగి, మొదట కొంచెం వదిలేసి మధ్యలో వచ్చేది పట్టాలట. చిన్ని కూర్చుంటుంది, రాలేదంటుంది, లేస్తుంది. కొళాయి తిప్పాను, పాట పాడాను, నేనే ఏడ్చాను. రెండు గంటలు పట్టింది. తీరా వచ్చింది నాలుగు చెంచాలు, టీ డికాక్షన్ రంగులో.

తెల్లవారుజామున రిపోర్టు. పస్ సెల్స్ అన్నచోట అంకె లేదు, 'ప్లెంటీ' అని రాసుంది. నేను పిల్లలకి ఆ మాట నేర్పేటప్పుడు ఎప్పుడూ పళ్ళ బుట్ట బొమ్మ చూపిస్తాను. ఇకపై చూపించగలనో లేదో.

చేతికి సూది పెట్టడానికి నలుగురం పట్టుకోవాల్సి వచ్చింది. మూడోసారికి నరం దొరికింది. చెయ్యి కదపకుండా కింద అట్టముక్క పెట్టి టేపు చుట్టారు. సిస్టర్ ఆ టేపు మీద పెన్నుతో రెండు కళ్ళు, ఒక నవ్వే నోరు గీసింది. ఐదు రోజుల్లో ఆ ఆసుపత్రిలో చిన్నికి నచ్చిన వస్తువు అదొక్కటే.

పొద్దున పెద్ద డాక్టర్ గారు వచ్చి విడమర్చి చెప్పారు. ఇది మూత్రంలో ఇన్ఫెక్షన్. కింద మూత్రాశయం వరకే ఉంటే మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం ఉంటాయి. ఇంత జ్వరం, చలి, వాంతులు, నడుము నొప్పి ఉన్నాయంటే పైకి కిడ్నీ దాకా పాకిందనుకోవాలి. కిడ్నీ అనే మాట విన్నాక ఆయన తర్వాత చెప్పింది నాకు వినబడలేదు. మా వారు విన్నారు. ఆయన మిర్చి యార్డు దగ్గర ఒక కొట్టులో లెక్కలు రాస్తారు, ఏది చెప్పినా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం అలవాటు. ఆ పుస్తకంలోంచే ఇప్పుడు మీకు చెప్తున్నాను. చాలాసార్లు దీనికి కారణం ఇ.కోలి అనే బాక్టీరియా. ఎక్కడి నుంచో వచ్చేది కాదు, మన పేగుల్లో మామూలుగా ఉండేదే. అక్కడున్నంతసేపు గొడవ లేదు, మూత్రమార్గంలోకి వెళ్తేనే. ఆడపిల్లలకి ఆ దారి పొట్టి కాబట్టి త్వరగా పైకి చేరుతుంది. మామూలుగా ఎప్పటికప్పుడు మూత్రం పోస్తూ ఉంటే అది కడుక్కుని పోతూ ఉంటుంది. ఆపుకుంటే లోపల నిలవ ఉంటుంది, నిలవనీటిలో ఏం జరుగుతుందో గుంటూరులో ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా అని ఆయనే నవ్వారట. మలబద్ధకం ఉన్నా ఇంతే, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కేసి పూర్తిగా ఖాళీ కానివ్వదు.

యాంటీబయాటిక్ సూదిమందు వెంటనే మొదలుపెట్టారు. కల్చర్ టెస్టుకి మాత్రం రెండు రోజులు ఆగాలి. ల్యాబులో ఆ బాక్టీరియాని పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూస్తారు. ఆ రెండు రోజులూ జ్వరం వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ఎప్పుడు తగ్గుతుందని సిస్టర్‌ని గంటకోసారి అడిగాను. నా క్లాసులో "మేడమ్, ఇంటర్వెల్ ఎప్పుడు" అని అడిగే పిల్లలు గుర్తొచ్చారు.

అదే గదిలో పక్క మంచం మీద సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక బాబు. ఆరేళ్ళుంటాయి, న్యుమోనియా. వాళ్ళమ్మ మిరపకాయల కోతలకి వెళ్తుందట. వాడికి దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా, ఒంటికి వచ్చిందంటే చాలు, డ్రిప్ స్టాండు లాక్కుంటూ "అమ్మా రా!" అని అరుచుకుంటూ పోయేవాడు. "స్కూల్లో కూడా ఇంతే అక్కా, ఎవర్నీ అడగడు, లేచి ఉరుకుతాడు. సారు తిడతాడు" అంది ఆమె. నేను టీచర్‌నని చెప్పాక కొంచెం మొహమాటపడి, "తిట్టాలి కదా మరి" అని సర్దింది. నేనేమీ అనలేదు.

ఇక సోమవారం రాత్రి. అసలు రాయాలనుకున్నది ఇదే.

నీళ్ళు బాగా తాగించమన్నారు. స్టీలు గ్లాసు నోటి దగ్గర పెడితే చిన్ని మొహం తిప్పుకుంటోంది.

"వద్దు. తాగితే వస్తుంది."

"వస్తే వెళ్దాం. బాత్రూమ్ ఇక్కడే ఉంది కదా."

"అడగాలిగా."

"ఎవర్నే?"

"మేమ్‌ని."

"ఇక్కడ మేమ్ ఎవరున్నారు?"

కాసేపు ఆలోచించింది. గది అంతా ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా, "ఇక్కడ తెలుగులో అడగొచ్చా?" అంది.

మిగతాది ఆ రాత్రి కొంచెం, మర్నాడు కొంచెం, ముక్కలు ముక్కలుగా వచ్చింది. స్కూల్లో చేరిన మొదటి వారం "మేమ్, ఒంటేలు" అందట. ఆ మాట వాళ్ళ నాయనమ్మది. ఒంటి వేలు చూపిస్తే ఒంటేలు అని ఆవిడ అర్థం కూడా చెప్తారు. క్లాసులో సగం మందికి ఆ మాట తెలియదు, నవ్వారు. మేమ్ "ఇంగ్లిష్‌లో అడగాలి నాన్నా" అని ప్రేమగానే చెప్పారు. చిన్ని గోడ మీద చార్టు చూసింది. చదవడం రాదు కదా, నేర్పింది గుర్తు తెచ్చుకుని "మే ఐ..." అని మొదలుపెట్టి, "మే ఐ కమిన్ మేమ్" అంది. లోపలే ఉండి లోపలికి రావచ్చా అని అడిగితే మరి నవ్వరా? ఈసారి క్లాసంతా నవ్వింది. ఇంటర్వెల్‌లో ఆయమ్మ లైన్లో తీసుకెళ్తుంది, కానీ వెనక అందరూ నిలబడి ఉంటే చిన్నికి రాదు. రాలేదని చెప్పి వచ్చేస్తుంది. అలా అలా తనే ఒక ఉపాయం కనిపెట్టింది: నీళ్ళు తాగకపోతే రాదు, రాకపోతే అడగక్కర్లేదు.

కేరళ బడుల్లో 2019లో 'వాటర్ బెల్' పెట్టారని, పిల్లలు నీళ్ళు తాగడానికి ప్రత్యేకంగా గంట కొడతారని వార్తలు వచ్చాయి, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత మన వైపూ వచ్చింది. మన కిడ్స్ క్యాంపస్‌లోనూ మోగుతుంది. బెల్ మోగగానే మా పాప బాటిల్ నోటికి ఆనించి, మింగినట్టు గొంతు ఆడించి, మూత పెట్టేసేదట. చేసి చూపించింది కూడా, అట్టముక్క కట్టిన చేత్తో.

ఇప్పుడు నా వంతు. జూన్ నుంచి రోజూ సాయంత్రం ఆ బాటిల్ నిండుగా ఇంటికి వచ్చేది. నేను దాన్ని తులసి కోటలో వంచేసి, కడిగి, బోర్లించేదాన్ని. ఆరు వారాలు. వ్యాన్ దిగగానే షూతోనే బాత్రూమ్‌కి పరిగెత్తేది. "ఎంత శుభ్రమో మా పిల్లకి, స్కూల్ బాత్రూమ్ నచ్చదు" అని మా అక్కకి ఫోన్లో మురిసిపోతూ చెప్పాను. ఒకటి రెండుసార్లు లోపలి బట్టలు కొంచెం తడిగా ఉన్నాయి. ఆటల్లో నీళ్ళు పడ్డాయి అనుకున్నాను. ఇన్ని గుర్తులు ఏ తల్లి అయినా నాకు పేరెంట్స్ మీటింగ్‌లో చెబితే, "గమనించుకోవాలి కదమ్మా" అని ఉండేదాన్ని.

అక్కడితో అయిపోలేదు. ఎల్‌కేజీ గోడ మీద ఉన్న ఆ చార్టు నా చేతిరాత. జూన్‌లో టీచర్ల ఓరియంటేషన్‌లో 'ఇంగ్లిష్ స్పీకింగ్ ఎన్విరాన్‌మెంట్' మీద డెమో ఇచ్చింది నేను. ఐదు వాక్యాలు రంగురంగుల స్కెచ్ పెన్నులతో రాసి, "మొదటి వారం ఈ ఐదూ నేర్పండి. తెలుగులో అడిగితే విననట్టు ఉండండి, రెండు రోజుల్లో వాళ్ళే ఇంగ్లిష్‌లో అడుగుతారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. స్కూల్ రూల్స్ పుస్తకంలో ఇది ఎక్కడా లేదు. చిన్ని టీచర్ చేసింది నేను చెప్పింది చెప్పినట్టు చేయడమే, అది కూడా నాకంటే మెత్తగా. అంచేత ఈ విషయంలో ఆమెని దయచేసి ఎవరూ ఏమీ అనొద్దు.

నేనెందుకలా చెప్పానో కూడా చెప్పాలి, సంజాయిషీ అనుకున్నా సరే. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో లెక్చరర్ ఇంగ్లిష్‌లో ప్రశ్న వేస్తే జవాబు తెలిసి కూడా తల దించుకుని నిలబడ్డదాన్ని. ఆ తడారిన నోరు నా పిల్లలకి, అంటే మీ పిల్లలకి, ఉండకూడదనే తాపత్రయం. ఇప్పటికీ ఆ తాపత్రయం తప్పనుకోను. చిన్నప్పుడు చెవిన పడిన భాష పెద్దయ్యాక భయపెట్టదు. బొమ్మ అడగడానికి, సెలవు అడగడానికి, పక్కవాడి మీద చాడీలు చెప్పడానికి ఇంగ్లిష్ కావాలని పట్టుబట్టొచ్చు. ఒంటికి వెళ్ళడానికి పట్టుబట్టకూడదు. బీఎడ్‌లో మాస్లో మెట్ల గురించి ఎనిమిది మార్కుల ప్రశ్నకి పటం గీసి మరీ రాశాను. అన్నిటికంటే కింది మెట్టు శారీరక అవసరాలు, అవి తీరకుండా పై మెట్టు ఎక్కలేరని. గోడకి చార్టు కట్టేటప్పుడు ఆ కింది మెట్టు గుర్తు రాలేదు.

మంగళవారం కల్చర్ రిపోర్టు వచ్చింది. అది అచ్చం ప్రోగ్రెస్ కార్డులాగే ఉంది. వరుసగా మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే ఆ మందుకి బాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. సగం దాకా ఆర్‌లే. నాలుగేళ్ళ పిల్లకి ఇదేంటండీ అంటే డాక్టర్ గారు ఇప్పుడు చాలా రిపోర్టులు ఇలాగే వస్తున్నాయని, జలుబుకీ దగ్గుకీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ పోయడం మానమని చెప్పండి మీ పేరెంట్స్‌కి అన్నారు. చెప్పేశాను. అదృష్టవశాత్తూ మొదటి రోజు నుంచి ఇస్తున్న మందు ఎదురుగా ఎస్ ఉంది. ఆ సాయంత్రం నుంచి జ్వరం రాలేదు. స్కానింగ్‌లో కిడ్నీలు రెండూ బాగున్నాయన్నారు. గురువారం ఇంటికి పంపారు, సిరప్ మాత్రం మొత్తం పది రోజులు పూర్తయ్యేదాకా ఆపొద్దని మూడుసార్లు చెప్పి.

డిశ్చార్జి రోజు ధైర్యం చేసి అడిగాను, ఇదంతా మా పాప ఆపుకోవడం వల్లే వచ్చిందా అని. ఒక్క కారణమని ఖాయంగా చెప్పలేమన్నారు. నీళ్ళు తక్కువ, ఆపుకోవడం, మలబద్ధకం, వెనక నుంచి ముందుకి కడుక్కోవడం, ఇవన్నీ కలుస్తాయట. కానీ ఒక లెక్క చెప్పారు. పిల్లల వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే వాళ్ళ మూత్రాశయం సుమారుగా ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో వస్తుంది. చిన్నికి 150. అంటే ఒక పెద్ద టీ గ్లాసు. పొద్దున ఎనిమిదికి వ్యాన్ ఎక్కి మధ్యాహ్నం మూడున్నరకి దిగే పిల్ల ఒక టీ గ్లాసుతో నెట్టుకొచ్చింది. రెండు మూడు గంటలకోసారి వెళ్ళాలి, వచ్చినా రాకపోయినా కూర్చోబెట్టాలి, తొందర పెట్టకూడదు అన్నారు.

మీకు నేను సలహాలివ్వడం ఇప్పుడు బాగోదు. అయినా మా వారి పుస్తకంలో ఉన్నవి ఉంచుకోవడం అన్యాయం. దగ్గు జలుబు లేని జ్వరం రెండో రోజుకి తగ్గకపోతే డాక్టర్ దగ్గర యూరిన్ టెస్టు మాట మీరే ఎత్తండి. చాలాకాలంగా పక్క తడపని పిల్ల మళ్ళీ తడుపుతుంటే, పొత్తికడుపు నొప్పంటుంటే, మూత్రం వాసన మారితే తిట్టకుండా చూపించండి. రెండు మూడు రోజులకోసారి గట్టిగా దొడ్డికి వెళ్ళే పిల్లలకి అరటిపండు, ఆకుకూర, నీళ్ళు. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం నేర్పండి. ఇవి పెద్ద విషయాలు కావు, అందుకే ఎవరమూ మాట్లాడుకోం. సాయంత్రం "హోంవర్క్ ఏమిచ్చారు" అన్న ప్రశ్నకి ముందు ఆ బాటిల్ మూత తీసి చూడండి.

ఇంకొకటి. ఈ వారం కిడ్స్ క్యాంపస్ డైరీల్లో ఒక చిన్న చీటీ వస్తుంది: 'మీ ఇంట్లో మూత్రానికి మీ బాబు లేదా పాప ఏ మాట వాడతారు?' నవ్వకుండా నింపి పంపండి. ఇప్పటిదాకా వచ్చినవి పాసు, ఒంటికి, సుస్సు, ఉచ్చ, నంబర్ వన్. ఒక బాబు మాత్రం "నీళ్ళు పారబోసి వస్తా" అంటాడట. వాళ్ళ తాతయ్య మాట అని వాళ్ళమ్మ బ్రాకెట్లో రాసింది. టీచర్లకీ ఆయమ్మలకీ ఈ జాబితా ఇస్తున్నాం. చార్టులో ఆ రెండో వాక్యాన్ని తీసేయలేదు, దాని పక్కన చిటికెన వేలు ఎత్తిన చెయ్యి బొమ్మ అతికించాను. వేలు ఎత్తితే చాలు, మాట అక్కర్లేదు. నా సెకండ్ క్లాసులో కూడా అదే. మొదటి రెండు రోజులు పనున్నవాడూ లేనివాడూ అందరూ వేలెత్తారు. ఒక పీరియడ్‌లో పద్నాలుగు వేళ్ళు లెక్కపెట్టాను. మూడో రోజుకి సరదా తీరి నాలుగైదుకి వచ్చింది.

ఇది ఇక్కడితో ఆపేస్తే నాకు హాయిగానే ఉండేది. కానీ పోయినేడాది నవంబర్‌లో నా క్లాసులో ఒక బాబు బెంచీ మీదే పోసేసుకున్నాడు. అంతకు ముందు వాడు నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. "కంప్లీట్ సెంటెన్స్‌లో అడుగు" అని రెండుసార్లూ పంపేశాను. ఆ మధ్యాహ్నం వాళ్ళమ్మకి ఫోన్ చేసి, ఏడేళ్ళొచ్చాయి, ఇంట్లో కొంచెం ట్రైనింగ్ ఇవ్వండి అన్నాను. ఆవిడ "సారీ మేడమ్, సారీ మేడమ్" అంది. మర్నాడు బ్యాగులో ఒక కవరులో రెండు నిక్కర్లు పెట్టి పంపింది. పేరెంట్ చాలా కోఆపరేటివ్ అని స్టాఫ్‌రూమ్‌లో మెచ్చుకున్నాను.

ఆగస్టు మీటింగ్‌లో ఆవిడ కనిపించింది. బాబు ఇప్పుడు థర్డ్ క్లాసు, నాతో పనిలేదు. పక్కకి పిలిచి ఆ రోజు ఏం జరిగిందో చెప్పాను, తప్పు నాదని చెప్పాను. అయ్యో పర్లేదు మేడమ్ అంటుందనుకున్నాను. మన దగ్గర తల్లులు టీచర్లని అలాగే వదిలేస్తారు కదా. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు నిలబడింది.

"ఆ రోజు వాడిని కొట్టాను మేడమ్" అంది.

నేను ఏమీ అనలేకపోయాను. గ్రౌండ్‌లో వాడు ఎవరితోనో బంతి ఆడుతున్నాడు. ఆవిడ వాడిని కేకేసి పిలిచి, బాటిల్ మూత తీసి ఇచ్చింది. వాడు గటగటా తాగి, నా వైపు చూసి, "గుడ్ ఈవెనింగ్ మేడమ్" అని మళ్ళీ పరిగెత్తాడు.

చిన్ని బాగుంది. బడికి వెళ్తోంది. బాటిల్ సగమో ముప్పావో ఖాళీగా వస్తోంది. మొన్న సాయంత్రం నా హ్యాండ్‌బ్యాగులోంచి నా బాటిల్ కూడా తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. వరసగా ఐదు పీరియడ్లు, మధ్యలో కరెక్షన్, మా స్టాఫ్ వాష్‌రూమ్ కింది అంతస్తులో. మెడ దాకా నిండుగా ఉంది.

"నువ్వెవర్ని అడగాలి?" అంది.